‘పదిహేడు’ అంటే ‘పదిహేను’ అని ఎందుకు వినపడింది? ఫోన్ కాల్ వెనకున్న ఫొనెటిక్స్

మా అమ్మమ్మది గుడివాడ. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పోయినేడు ఎండాకాలం ఆవిడకి విజయవాడలో కంటి చెకప్ కోసం ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని ఫోన్ చేశాను. “అమ్మమ్మా, పదిహేడో తారీఖు, పొద్దున్న తొమ్మిదింటికి” అన్నాను. “సరే నాన్నా” అంది. పదిహేనో తారీఖు పొద్దున్నే ఒక్కతే బస్సెక్కి వెళ్ళిపోయింది. నలభై కిలోమీటర్ల పైన ప్రయాణం, అక్కడ రెండు గంటల వెయిటింగ్, “మీ పేరు ఇవాళ్టి లిస్టులో లేదమ్మా” అన్న మాట, మళ్ళీ ఎండలో బస్సు.

సాయంత్రం ఫోన్‌లో “నువ్వు పదిహేనే అన్నావు రా” అంది. నేను “కాదు అమ్మమ్మా, పదిహేడు అన్నాను” అన్నాను. కాసేపాగి “అయితే నాకే చెవుడొచ్చినట్టుంది లే” అంది. ఆ తర్వాత నుంచి నేను ఫోన్ చేస్తే చాలు, “ఉండు, మావయ్యకి ఇస్తా” అనడం మొదలెట్టింది.

తారీఖు తప్పిపోవడం కన్నా ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నిజంగా తప్పు ఆవిడ చెవిదేనా? నాకు రోజూ బగ్‌లు వెతకడమే పని కాబట్టి దీన్ని కూడా అలాగే వెతికాను. నా నోట్లోంచి బయల్దేరిన మాట ఆవిడకి అర్థమయ్యే దాకా నాలుగు స్టేజీలు దాటాలి: నోరు, ఫోన్, చెవి, మెదడు. ఈ దారిని చదివే శాస్త్రమే ఫొనెటిక్స్, తెలుగులో ధ్వనిశాస్త్రం. మనం కెమెరా సెన్సర్ గురించి, ప్రాసెసర్ గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం గానీ, ఫోన్‌లో ‘ఫోన్’ పని ఎలా జరుగుతుందో ఎప్పుడూ చూడం. ఈసారి అది చూద్దాం.

స్టేజ్ 1: నోరు ఒక స్పీకర్, ఒక ఈక్వలైజర్

ఊపిరితిత్తుల నుంచి గాలి పైకి వస్తుంది. గొంతులో రెండు స్వరతంత్రులు ఉంటాయి. అవి దగ్గరకొచ్చి గాలికి అదిరితే శబ్దం పుడుతుంది. మగవాళ్ళలో సెకనుకి సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్ళలో సుమారు 200 సార్లు అదురుతాయి. మనం ‘బేస్ గొంతు’, ‘సన్న గొంతు’ అనేది ఈ లెక్కనే.

కానీ గొంతులో పుట్టేది ఉత్త ‘బుర్ర్’ మనే చప్పుడు. దాన్ని ‘ఆ’గానో ‘ఈ’గానో మార్చేది పైనున్న నోరు. నాలుక, పెదవులు, దవడ కదిలినప్పుడల్లా నోటి లోపలి ఖాళీ ఆకారం మారుతుంది. ఆ ఆకారాన్ని బట్టి కొన్ని ఫ్రీక్వెన్సీలు పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. అచ్చం మ్యూజిక్ యాప్‌లో ఈక్వలైజర్ లాగా. పెరిగిన ఆ శిఖరాల్ని ఫార్మెంట్లు అంటారు. మగ గొంతులో ‘ఈ’ అంటే మొదటి శిఖరం సుమారు 300 హెర్ట్జ్ దగ్గర, రెండోది 2,200 దాటి ఉంటుంది. ‘ఊ’ అంటే మొదటిది దాదాపు అక్కడే ఉండి, రెండోది 800 దగ్గరకి దిగిపోతుంది. అంటే ‘ఈ’కీ ‘ఊ’కీ తేడా గొంతులో పుట్టదు, పైన ఈక్వలైజర్ సెట్టింగ్‌లో ఉంటుంది. ఈ మూలం–వడపోత సిద్ధాంతాన్ని స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ ఫాంట్ 1960లో తన పుస్తకంలో లెక్కలతో సహా వివరించాడు.

ఇప్పుడు హల్లుల సంగతి. వీటి స్పెక్ షీట్ మనం ఒకటో తరగతిలోనే బట్టీ పట్టాం. క, చ, ట, త, ప అని వరసగా పలికి చూడండి. శబ్దం పుట్టే చోటు నోటి వెనక నుంచి ముందుకి జరుగుతూ వస్తుంది: ‘క’ నోటి వెనక భాగంలో, ‘ట’ నాలుక మడిచి అంగిట్లో, ‘త’ పళ్ళ దగ్గర, ‘ప’ పెదవుల దగ్గర. అడ్డంగా చదివితే ప, ఫ, బ, భ, మ. ఇందులో ‘ప’కి గొంతు అదరదు, ‘బ’కి అదురుతుంది. ‘ఫ’కి ఎక్కువ గాలి వదలాలి, ‘భ’కి గాలీ అదురూ రెండూ కావాలి. ‘మ’కి ముక్కు తెరవాలి. వేల ఏళ్ళ కింద మన శిక్షా గ్రంథాలు ఏ శబ్దం నోట్లో ఎక్కడ పుడుతుందో, ఎంత ప్రయత్నంతో పుడుతుందో చూసి వేసిన అమరిక ఇది. ఏబీసీడీల్లో ఇలాంటి లాజిక్ వెతికినా దొరకదు.

ఒక చిన్న టెస్ట్ చేయండి. ముక్కు గట్టిగా మూసుకుని ‘నాన్న’ అనండి. ‘దాద్ద’ లాంటిదేదో వస్తుంది. జలుబు చేసినప్పుడు మాట మారేది ఇందుకే. ఇప్పుడు ముక్కు మూసుకునే ‘పదిహేను’ అనండి. దాదాపు ‘పదిహేదు’ అని వస్తుంది. ‘పదిహేడు’కి అది ఎంత దగ్గరో చూశారా? ‘న’ పళ్ళ దగ్గర, ముక్కు తెరిచి పలికేది. ‘డ’ నాలుక కొస పైకి తిప్పి, ముక్కు మూసి పలికేది. రెండు మాటల్లో మిగతాదంతా ఒకటే. స్పీడుగా మాట్లాడితే మధ్యలో ‘హ’ కూడా కరిగిపోయి ‘పదేను’, ‘పదేడు’ అవుతాయి. తేడా మొత్తం ఆ ఒక్క హల్లు మీదే నిలబడి ఉంది.

పైగా రెండు అచ్చుల మధ్య వచ్చే ‘డ’ని మనం పూర్తిగా ఆగి పలకం. నాలుక అలా తాకి ఇలా జారిపోతుంది. కొన్ని పదుల మిల్లీసెకన్ల పని. అదే ‘డ్డ’ అయితే నాలుక అక్కడే కాసేపు ఆగుతుంది. ‘గుడి’కీ ‘గుడ్డి’కీ తేడా ఆ ఆగడమే. వాయిస్ టైపింగ్‌లో ‘గుడివాడ వస్తున్నా’ అని తొందరగా చెప్పి, ‘గుడ్డివాడు వస్తున్నాడు’ అని టైప్ అవడం చూసి నవ్వుకున్న మా ఊరి కుర్రాళ్ళు కొందరు నాకు తెలుసు.

రాసేదొకటి, పలికేదొకటి

ఇంకో చిక్కు ఏంటంటే, తెలుగులో ‘రాసింది రాసినట్టు చదువుతాం’ అని గొప్పగా చెప్పుకుంటాం గానీ, అది పూర్తి నిజం కాదు. ‘వచ్చాడు’ అనండి. మధ్యలో ఉన్నది ‘తాత’లో ‘ఆ’ కాదు, ‘బ్యాంక్’లో వినపడే శబ్దం. దానికి మన వర్ణమాలలో అక్షరమే లేదు. ‘చలి’లో ‘చ’, ‘చిలక’లో ‘చ’ ఒకటి కావు. మొదటిదానికి నాలుక పళ్ళ వైపు వెళ్తుంది. దీనికోసం పాత పుస్తకాల్లో ‘ౘ’ అని ప్రత్యేక గుర్తు ఉండేది, యూనికోడ్‌లో ఇప్పటికీ ఉంది. 1820ల్లో మన మచిలీపట్నంలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ కూడా 1852 నాటి తన నిఘంటువులో ఈ రెండు ‘చ’ల్నీ వేరు చేసి చూపించాడు. బయటినుంచి వచ్చినవాడు కాబట్టి చెవితో విన్నాడు. మనం కళ్ళతో అక్షరాన్ని చూసి, అదే విన్నామనుకుంటాం.

కృష్ణా జిల్లా భాష ప్రమాణ భాషకి దగ్గర అంటారు. అయినా మా ఇంట్లో ‘భయం’ అన్నది ‘బయ్యం’ అవుతుంది, ‘వేపచెట్టు’ ‘ఏపచెట్టు’ అవుతుంది, ‘వెళ్తున్నా’ ‘ఎల్తన్నా’ అవుతుంది. ఇవి తప్పులు కావు. నోరు తక్కువ శ్రమతో పని పూర్తి చేసే పద్ధతులు. ప్రపంచంలో ప్రతి భాషలోనూ ఇది జరుగుతుంది.

స్టేజ్ 2: ఫోన్ మీ గొంతుని పంపదు

ఇది నాకు బాగా నచ్చిన పార్ట్. పాత టెలిఫోన్ రోజుల నుంచి మామూలు కాల్‌లో వెళ్ళేది 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉన్న శబ్దం మాత్రమే. మనిషి చెవి 20 నుంచి 20,000 దాకా వినగలదు. మిగతాదంతా కోత. ‘స’, ‘శ’ లాంటి ఊదే శబ్దాల బలం ఎక్కువగా పైనే ఉంటుంది కాబట్టి అవి బాగా దెబ్బతింటాయి. ఫోన్‌లో పేరు చెప్పేటప్పుడు ‘ఎస్ ఫర్ శ్రీను’ అనాల్సి రావడం వెనక కథ ఇదే.

మీకో డౌట్ రావాలి. మగ గొంతు అదిరేది 120 దగ్గర అయితే, 300 కింద కట్ చేస్తే గొంతే వినపడకూడదు కదా? గొంతు 120 దగ్గర అదిరినప్పుడు 240, 360, 480 అంటూ దాని గుణిజాలు కూడా పుడతాయి. మెదడు ఆ మెట్ల మధ్య దూరం చూసి, లేని 120ని తనే లెక్కగట్టుకుంటుంది. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల పద్యాన్ని చిన్న ఫోన్ స్పీకర్‌లో పెట్టినా ఆ గంభీరం మనకి వినపడేది ఇందుకే. బేస్ స్పీకర్‌లో లేదు, మన తలలో ఉంది.

ఇక రెండో ట్రిక్. కాల్‌లో మీ శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపితే డేటా చాలా అవుతుంది. పాత డిజిటల్ ల్యాండ్‌లైన్‌కి సెకనుకి 64 కిలోబిట్లు పట్టేది. మొబైల్‌లో వాడే ఏఎమ్ఆర్ కోడెక్ గరిష్ఠంగా 12.2తో పని కానిస్తుంది. ఎలా? ఫోన్ మీ మాటని 20 మిల్లీసెకన్ల ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కలో ‘గొంతు ఎలా అదిరింది, నోరు ఏ ఆకారంలో ఉంది’ అని విడదీసి, ఆ నంబర్లు మాత్రమే పంపుతుంది. అవతలి ఫోన్ ఆ నంబర్లతో మీ గొంతుని మళ్ళీ తయారు చేస్తుంది. అంటే ఇందాక చెప్పుకున్న మూలం–వడపోత సిద్ధాంతమే ఇక్కడ కోడ్ అయింది. ఈ దారి వేసినవాళ్ళలో ముఖ్యుడు కాన్పూర్‌లో పుట్టి, అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన బిష్ణు అటల్. ఆయన, మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ కలిసి 1985లో ప్రకటించిన పద్ధతి కుటుంబానికి చెందినవే ఇప్పటి మొబైల్ కోడెక్‌లు కూడా.

ఇప్పుడు మన ‘డ’ దగ్గరికి రండి. నాలుక అలా తాకి జారిపోయే ఆ ‘డ’ ఒకటి రెండు ముక్కల్లో అయిపోతుంది. సిగ్నల్ వీక్‌గా ఉండి సరిగ్గా ఆ ముక్కే పోతే, అవతలి ఫోన్ ముందు ముక్కని సాగదీసి గ్యాప్ పూడుస్తుంది. మనకి మాట తెగినట్టు కూడా అనిపించదు. కానీ ‘డ’ పోయింది.

మరి ‘న’కి గుర్తేంటి? ముక్కులోంచి వచ్చే ‘ఊఁ’ లాంటి సన్నని గొణుగుడు. అది సుమారు 250, 300 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. సరిగ్గా మామూలు కాల్ కోత పెట్టే అంచు మీద! కాబట్టి ఫోన్‌లో ‘న’కి కూడా గొణుగుడు సరిగ్గా రాదు. గొణుగుడు వినపడలేదు కాబట్టి ఇది ‘న’ కాదు అని చెవి తేల్చుకోలేదు. రెండు వైపులా సాక్ష్యం బలహీనపడింది.

స్టేజ్ 3: చెవి

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది. దాని మొదట్లో ఎక్కువ ఫ్రీక్వెన్సీలు, చివరి చుట్టలో తక్కువ ఫ్రీక్వెన్సీలు నమోదవుతాయి, పియానో మెట్లలాగా. ఆ పొర మీద అల ఎలా ప్రయాణిస్తుందో కనిపెట్టినందుకే గియోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ వచ్చింది. వయసు పెరిగేకొద్దీ ముందుగా దెబ్బతినేది మొదట్లో ఉన్న కణాలు. అంటే ముందు పోయేది ఎక్కువ ఫ్రీక్వెన్సీల వినికిడి.

అచ్చుల బలం కింద ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. హల్లుల్ని గుర్తుపట్టించే ఆనవాళ్ళు చాలావరకు పైన ఉంటాయి. అందుకే పెద్దవాళ్ళు “వినపడుతోంది రా, కానీ అర్థం కావట్లేదు” అంటారు. మనకి అది విచిత్రంగా అనిపిస్తుంది గానీ, వాళ్ళు అక్షరాలా నిజం చెప్తున్నారు. అచ్చులు వినపడుతున్నాయి, హల్లులు జారిపోతున్నాయి. ‘డ’కి నాలుక పైకి తిప్పినప్పుడు 2,500 దగ్గరుండే మూడో ఫార్మెంట్ కిందికి దిగుతుంది. దాన్ని ‘డ’గా పట్టించే పెద్ద ఆధారం అదే. అది ఉండేది కూడా వయసుతో బలహీనపడే ఏరియాకి దగ్గర్లోనే.

మనం చేసే పొరపాటు గట్టిగా అరవడం. అరిస్తే పెరిగేది ఎక్కువగా అచ్చులే. హల్లులు అంతగా పెరగవు. పైగా ఫోన్ మైక్ పగిలినట్టు అవుతుంది. విన్నవాళ్ళకి విసుక్కున్నట్టు కూడా ఉంటుంది.

స్టేజ్ 4: మెదడు ఊహిస్తుంది

చివరి నిర్ణయం చెవిది కాదు. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ ఒక ప్రయోగం ప్రచురించారు. ‘బ’ అన్న శబ్దం వినిపిస్తూ, ‘గ’ అంటున్న పెదవుల వీడియో చూపించారు. చాలామందికి ‘డ’ లాంటిది వినపడింది! కళ్ళు మూసుకుంటే మళ్ళీ ‘బ’. మనం వింటున్నామనుకునేది మెదడు అన్ని సాక్ష్యాలూ కలిపి చెప్పిన తీర్పు.

ఆ తీర్పుకి ట్రైనింగ్ పసితనంలోనే జరుగుతుంది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చూపించింది ఇది: ఇంగ్లీషు ఇళ్ళల్లో పుట్టిన పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీ ‘ట’, ‘త’ల మధ్య తేడా పడతారు. ఏడాది నిండేసరికి ఆ తేడా వాళ్ళకి వినపడటం దాదాపు ఆగిపోతుంది. చుట్టూ ఎవరూ వాడట్లేదు కాబట్టి మెదడు ఆ ఫోల్డర్‌ని పక్కన పెట్టేస్తుంది. అమెరికాలో పుట్టిన మన చుట్టాల పిల్లలు ‘నీళ్ళు’ని ‘నీలు’ అంటే నవ్వుతాం. వాళ్ళ నోరు బాగానే ఉంది. వాళ్ళ చెవికి ఆ శబ్దం సరిపడా దొరకలేదు, అంతే.

వాయిస్ టైపింగ్ మోడల్ కథ కూడా ఇదే. అది ఎవరి గొంతులు ఎక్కువ వింటే వాళ్ళ తెలుగే దానికి తెలుగు. న్యూస్ చదివే గొంతులే విన్న మోడల్‌కి మా అమ్మమ్మ ‘ఏపచెట్టు’ కొత్త భాష.

ఇక పదిహేను సంగతి. ‘పదిహేను రోజులు’, ‘పదిహేను నిమిషాలు’ అని మనం రోజూ అంటూనే ఉంటాం. ‘పదిహేడు’ అరుదుగా వాడతాం. సాక్ష్యం అటూ ఇటూ కానప్పుడు మెదడు ఎక్కువగా విన్న మాటకే ఓటేస్తుంది. అమ్మమ్మ మెదడు చేసింది అదే. నా మెదడైనా అదే చేసేది.

మరి ఏం చేయాలి?

ముందు కాల్ క్వాలిటీ. వోల్టే కాల్‌లో వాడే ఏఎమ్ఆర్ వైడ్‌బ్యాండ్ కోడెక్ 50 నుంచి 7,000 హెర్ట్జ్ దాకా పంపుతుంది. ‘హెచ్‌డీ వాయిస్’ అనేది దీన్నే. గొణుగుడూ వస్తుంది, ‘స’ కూడా వస్తుంది. కానీ ఒక కండిషన్: ఇద్దరి ఫోన్లూ, ఇద్దరి నెట్‌వర్క్‌లూ సపోర్ట్ చేయాలి. ఒకవైపు లేకపోతే కాల్ పాత క్వాలిటీకి పడిపోతుంది. మీది ఫ్లాగ్‌షిప్ అయినా, ఇంట్లో పెద్దవాళ్ళకి పాత 2జీ ఫోన్ ఇచ్చి ఉంటే లాభం లేదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు వాళ్ళ ఫోన్ సెట్టింగ్స్‌లో వోల్టే ఆన్‌లో ఉందో లేదో చూడండి. వైఫై ఉంటే వైఫై కాలింగ్ కూడా ఆన్ చేయండి.

రెండోది, మాట్లాడే పద్ధతి. అరవకండి, నెమ్మదిగా చెప్పండి. ఫ్యాన్, టీవీ ఆపమనండి. నంబర్‌ని రెండు రకాలుగా చెప్పండి: “పదిహేడు, పదీ ఏడు, శుక్రవారం.” నెట్‌వర్కింగ్‌లో ఎర్రర్ కరెక్షన్ కోసం అదనపు బిట్లు పంపినట్టే. ఒకటి పోయినా ఇంకోటి కాపాడుతుంది. వీడియో కాల్ ప, బ, మ లాంటి పెదవుల శబ్దాలున్న చోట సాయం చేస్తుంది గానీ, ‘న’, ‘డ’ల తేడా నోటి లోపల జరుగుతుంది కాబట్టి అక్కడ పెద్దగా పనికిరాదు. తారీఖులు, మందుల డోసులు మెసేజ్ కూడా పెట్టండి.

మూడోది, ‘అర్థం కావట్లేదు’ అని తరచూ అంటుంటే ఒకసారి ఆడియోమెట్రీ టెస్ట్ చేయించండి. నొప్పి ఉండదు, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర వినికిడి తగ్గిందో గ్రాఫ్ వేసి చూపిస్తారు.

నాలుగోది, మన యాసలు మోడళ్ళకి తెలియాలంటే మన గొంతులు వాటికి అందాలి. కేంద్ర ప్రభుత్వ భాషిణి ప్రాజెక్టులో భాషాదాన్ అని ఉంది. అందులో తెలుగు వాక్యాలు చదివి గొంతు ఇవ్వొచ్చు. మీరు చదవడం కన్నా, పక్కన కూర్చుని ఇంట్లో పెద్దవాళ్ళ చేత చదివించండి. మోడళ్ళకి కొరత వాళ్ళ గొంతులదే.

మొన్న దసరాకి వెళ్ళినప్పుడు అమ్మమ్మకి ఇదంతా చెప్పాను. ముక్కు మూసుకుని ‘నాన్న’ అనమంటే అని, పడీ పడీ నవ్వింది. “అయితే తప్పు నా ఒక్కదాని చెవిది కాదంటావు” అంది. కాదన్నాను. కొంచెం నాది, కొంచెం ఫోన్‌ది, కొంచెం వయసుది, కొంచెం తెలుగు అంకెలది.

పోయిన వారం మళ్ళీ అపాయింట్‌మెంట్ గురించి ఫోన్ చేశాను. మావయ్యకి ఇవ్వలేదు. “ఇరవై ఏడా? రెండూ ఏడేనా? ఏ వారం?” అని మూడుసార్లు ఎదురు అడిగి, తనే క్యాలెండర్ మీద రాసుకుంది.